512 నుంచి 4096కు: పెద్ద సెక్టార్ల డిస్కులు, ఆపరేటింగ్ సిస్టంలో మార్పులు

డిస్కు ఒక్క బైటును విడిగా చదవలేదు, రాయలేదు. ఏ పనికైనా కనీసం ఒక సెక్టారు మొత్తాన్ని కదపాలి. పర్సనల్ కంప్యూటర్లలో దాదాపు ముప్పై ఏళ్లపాటు సెక్టారంటే 512 బైట్లు. 2009 చివర్లో 4,096 బైట్ల సెక్టార్లున్న డిస్కులు బజారులోకి వచ్చాయి. ఇప్పుడు కొన్ని ఎస్‌ఎస్‌డీలు లోపల 16 కిలోబైట్లు, 64 కిలోబైట్ల లెక్కన పనిచేస్తున్నాయి. ఈ మార్పుకు ఆపరేటింగ్ సిస్టంను సిద్ధం చేయడం పైకి చిన్న పనిలాగే కనిపిస్తుంది: ఒక అంకె తీసి ఇంకో అంకె పెట్టడమే కదా అనిపిస్తుంది. కానీ ఆ అంకె ఒక్కచోట లేదు. డ్రైవర్లో, పార్టిషన్ పట్టికలో, బూట్ కోడులో, ఫైల్ సిస్టంలో, మెమరీ నిర్వహణలో, చివరికి డేటాబేస్ ప్రోగ్రాముల్లో కూడా ఉంది. చాలాచోట్ల 512 అని రాసి కూడా ఉండదు. తొమ్మిది బిట్లు జరపడంగానో, 63 అనే మరో అంకెగానో దాగి ఉంటుంది. అందుకే డిస్కు కంపెనీలు కొద్ది ఏళ్లలో ముగించిన మార్పు ఆపరేటింగ్ సిస్టంలలో 2025 దాకా సాగింది.

512 ఎక్కడిది

1981లో వచ్చిన ఐబీఎం పీసీ ఫ్లాపీలో 40 ట్రాకులు, ట్రాకుకు 8 సెక్టార్లు, సెక్టారుకు 512 బైట్లు ఉండేవి. అంతా కలిపి 160 కిలోబైట్లు. 1983 నాటి పీసీ ఎక్స్‌టీలోని 10 మెగాబైట్ల హార్డ్ డిస్కులో ట్రాకుకు 17 సెక్టార్లయ్యాయి గానీ సెక్టారు కొలత మారలేదు. అంతకు ముందే డెక్ కంపెనీ పీడీపీ-11 యంత్రాల డిస్కులు 512 బైట్ల బ్లాకులతో నడిచాయి. ఆ యంత్రాల మీద పెరిగిన యూనిక్స్ కూడా అదే కొలత పట్టుకుంది.

అలాగని 512 ఎప్పుడూ సార్వత్రికం కాదు. 1964 నాటి ఐబీఎం సిస్టం/360 డిస్కుల్లో రికార్డు పొడవును ప్రోగ్రామే నిర్ణయించేది. ఏఎస్/400 యంత్రాల డిస్కులు 520 బైట్ల సెక్టార్లు వాడాయి. సీడీ-రామ్ డేటా సెక్టారు 2,048 బైట్లు. 640 మెగాబైట్ల మాగ్నెటో-ఆప్టికల్ డిస్కులదీ అంతే. కాబట్టి ఏ ఆపరేటింగ్ సిస్టంకైనా 512 కాని సెక్టారు కొత్త కాదు. అయితే సీడీ చదవడానికే. దానికి ప్రత్యేకమైన ఫైల్ సిస్టం ఉంది. రాసే దారిలో, బూట్ దారిలో ఉన్న 512 నమ్మకాలను సీడీ ఎన్నడూ పరీక్షించలేదు.

ఇక్కడ సెక్టారుకూ బ్లాకుకూ తేడా చెప్పుకోవాలి. సెక్టారు డిస్కు పెట్టే నియమం. బ్లాకు ఫైల్ సిస్టం తన సౌకర్యం కోసం ఎంచుకునే కొలత. తొలి యూనిక్స్ 512 బైట్ల బ్లాకులతో డిస్కు వేగంలో దాదాపు 2 శాతమే రాబట్టగలిగేది. బర్క్‌లీలో బ్లాకును 1,024 చేస్తే అది రెట్టింపయింది. 1983లో 4.2 బీఎస్‌డీతో వచ్చిన ఫాస్ట్ ఫైల్ సిస్టం బ్లాకును కనీసం 4,096 చేసింది. అంటే సాఫ్ట్‌వేరు పెద్ద ముక్కల లాభాన్ని డిస్కు కంపెనీల కంటే పాతికేళ్ల ముందే గుర్తించింది. కింద సెక్టారు మాత్రం 512గానే ఉండిపోయింది.

డిస్కు కంపెనీల లెక్క

ప్రతి సెక్టారు ముందు కొంత ఖాళీ, తల సర్దుకునే గుర్తు, చిరునామా గుర్తు ఉంటాయి; వీటికి సుమారు 15 బైట్లు. వెనక తప్పులు దిద్దే కోడు సుమారు 50 బైట్లు. 512 బైట్ల డేటా కోసం పళ్ళెం మీద 577 బైట్ల చోటు పోతుంది, ఉపయోగపడేది 88.7 శాతం. 4,096 బైట్లను ఒకే సెక్టారు చేస్తే దిద్దుబాటు కోడు 100 బైట్లు చాలు. మొత్తం 4,211 బైట్లలో డేటా 97.3 శాతం. చోటు మిగలడం ఒక ఎత్తు. అంతకంటే ముఖ్యం ఇంకొకటి ఉంది. బిట్లు దగ్గర దగ్గరగా చేరిన కొద్దీ పళ్ళెం మీది ఒకే పరిమాణపు గీత ఎక్కువ బిట్లను పాడుచేస్తుంది. చిన్న చిన్న కోడులు ఎనిమిది పెట్టడం కంటే పెద్ద కోడు ఒకటి పెడితే అలాంటి గీతను తట్టుకునే బలం ఎక్కువ.

కొత్త కొలతగా 4,096 ఎంచుకోవడానికి కారణం సులభమే. 1985 నాటి 80386 నుంచి ఇంటెల్ ప్రాసెసర్ మెమరీ పేజీ అంత. విండోస్ ఎన్‌టీఎఫ్‌ఎస్ మామూలు క్లస్టరూ, లినక్స్ ఫైల్ సిస్టంల మామూలు బ్లాకూ అంతే. డిస్కు పరిశ్రమ సంఘం ఇడెమా 2006 మార్చిలో ఈ కొలతను సిఫారసు చేసింది. 2009 డిసెంబరులో వెస్టర్న్ డిజిటల్ తన కేవియర్ గ్రీన్ డిస్కులతో అమ్మకాలు మొదలుపెట్టింది. 2011 జనవరి నుంచి డెస్క్‌టాప్, ల్యాప్‌టాప్ డిస్కుల కొత్త నమూనాలన్నీ ఇలాగే ఉండాలని కంపెనీలు ఒప్పుకున్నాయి. దీనికి పెట్టిన వాణిజ్య నామం ‘అడ్వాన్స్‌డ్ ఫార్మాట్’.

512 వేషం

ఆ డిస్కుల్లో చాలావాటికి లోపల సెక్టారు 4,096 బైట్లు. బయటికి మాత్రం 512 అనే చెబుతాయి. ఈ రకాన్ని 512ఇ అంటారు. లోపలా బయటా 4,096 అని నిజం చెప్పే రకం 4కేఎన్. నిజం చెప్పే డిస్కులు విడిగా సర్వర్ల వైపు పోయాయి. ఇళ్లకూ దుకాణాలకూ వచ్చినవి వేషం వేసినవే. ఈ వేషాన్ని ఇంజనీర్లు తిట్టుకున్నారు గానీ అది సరైన నిర్ణయమే. అది లేకపోతే అప్పటికి లోకమంతా నడుస్తున్న విండోస్ ఎక్స్‌పీ యంత్రాల్లో పాడైన డిస్కు మార్చడానికి వీలయ్యేది కాదు.

వేషానికి ఖరీదు ఉంది. 512 బైట్లు మార్చమంటే డిస్కు ముందు 4,096 బైట్లు చదివి, అందులో ఆ భాగం మార్చి, మళ్ళీ మొత్తం రాయాలి. పాత పహాణీలో ఒక్క గడి మార్చడానికి పుట మొత్తం తిరగరాసి అతికించడం లాంటిది ఇది. నిమిషానికి 5,400 సార్లు తిరిగే డిస్కులో ఒక చుట్టుకు 11 మిల్లీసెకన్లు పడుతుంది. చదివిన చోటికే మళ్ళీ రాయడానికి తల ఇంకో చుట్టు ఆగాలి. ఆ మధ్యలో కరెంటు పోతే, రాయమన్న ముక్కే కాదు, ఎవరూ ముట్టుకోమనని పక్క ఏడు ముక్కలు కూడా ప్రమాదంలో పడవచ్చు. డిస్కు ఫర్మ్‌వేరు దీనికి ఎంత రక్షణ ఇస్తుందనేది నమూనాను బట్టి ఉంటుంది. యూపీఎస్ లేని యంత్రాలున్న చోట ఇది పుస్తకాల్లోని భయం కాదు.

పైన ఫైల్ సిస్టం ఎలాగూ 4,096 బైట్ల బ్లాకులతోనే రాస్తుంది గదా, చిక్కెక్కడ? చిక్కు 63లో ఉంది. డాస్ రోజుల్లో ట్రాకుకు 63 సెక్టార్లని లెక్క పెట్టుకునేవారు. మొదటి పార్టిషన్‌ను రెండో ట్రాకు నుంచి, అంటే 63వ సెక్టారు నుంచి మొదలుపెట్టేవారు. ట్రాకుల లెక్కకు ఏ అర్థమూ లేకుండా పోయిన చాలా ఏళ్లకు కూడా ఎక్స్‌పీ అలాగే చేసేది. 63ను 8తో భాగిస్తే 7.875. దాంతో ఫైల్ సిస్టం రాసే ప్రతి బ్లాకూ డిస్కులో రెండు నిజమైన సెక్టార్ల మీద అడ్డంగా పడుతుంది. ఒక్క రాత కోసం రెండు చదవడాలు, రెండు రాయడాలు. విండోస్ విస్టా నుంచి పార్టిషన్లను 2,048వ సెక్టారు దగ్గర, అంటే ఒక మెగాబైటు దాటాక మొదలుపెట్టడంతో ఈ బాధ తప్పింది. లినక్స్ ఎఫ్‌డిస్క్ 2010 ప్రాంతంలో అదే పద్ధతికి వచ్చింది.

ఎక్స్‌పీ వాళ్ల కోసం వెస్టర్న్ డిజిటల్ డిస్కు వెనక 7, 8 పిన్నుల మీద చిన్న జంపర్ పెట్టుకునే ఏర్పాటు చేసింది. అది పెడితే డిస్కు ప్రతి చిరునామాకూ లోపల ఒకటి కలుపుతుంది. 63 కాస్తా 64 అవుతుంది, సరిపోతుంది. అదే డిస్కులో తర్వాత విండోస్ 7 వేసి జంపర్ తీయడం మరిచిపోతే 2,048 కాస్తా 2,049 అవుతుంది. ఇంతవరకు బాగున్నదంతా వంకర అవుతుంది.

తెలంగాణలో గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ 2016 అక్టోబరు 11న జిల్లా కేంద్రాలయ్యాయి. ఆ కొత్త కార్యాలయాలకు కంప్యూటర్లు అవసరమయ్యే నాటికి బజారులో డెస్క్‌టాప్ డిస్కులన్నీ దాదాపు 512ఇ రకమే. వాటిని గుర్తించే విండోస్‌లూ వచ్చేశాయి. 63 బాధ పాత యంత్రాలకే మిగిలింది. ఎక్స్‌పీ నడిచే డీటీపీ సెంటర్లో డిస్కు మార్చి, పాత దాన్ని ఉన్నదున్నట్టు కొత్త దాని మీదికి క్లోన్ చేస్తే 63 కూడా వెంట వస్తుంది. కొత్త డిస్కు పాతదానికంటే నెమ్మదిగా ఎందుకుందో కొన్నవారికీ అర్థం కాదు, అమ్మినవారికీ అర్థం కాదు.

కెర్నెల్ లోపల

పెద్ద సెక్టార్లకు చోటిచ్చే పని డిస్కును సరిగా ప్రశ్నించడంతో మొదలవుతుంది. సాటా డిస్కు తన వివరాల పట్టికలో 106వ పదంలో, ఒక నిజ సెక్టారులో ఎన్ని పైకి చెప్పే సెక్టార్లున్నాయో రెండు ఘాతంగా చెబుతుంది. 512ఇ డిస్కులో ఆ ఘాతం 3. 209వ పదం మొదటి సెక్టారు ఎంత జరిగి ఉందో చెబుతుంది. స్కజీ డిస్కుల్లో ఇదే సమాచారం 16 బైట్ల రీడ్ కెపాసిటీ ఆదేశానికి జవాబుగా వస్తుంది. పాత 10 బైట్ల ఆదేశానికి ఇది తెలియదు.

తర్వాత అసలు నిర్ణయం తీసుకోవాలి. కెర్నెల్ అంతటా సెక్టారు అంటే డిస్కు సెక్టారేనా, లేక 512 బైట్ల స్థిరమైన లెక్కేనా? లినక్స్ రెండో దారి పట్టింది. డిస్కు సెక్టారు ఎంతున్నా, బ్లాక్ పొరలో చిరునామాలన్నీ 512 బైట్ల ముక్కల్లోనే ఉంటాయి. చిట్టచివర డ్రైవరు వాటిని డిస్కు లెక్కలోకి మారుస్తుంది. బీఎస్‌డీ కుటుంబంలోనూ 512 బైట్ల స్థిరాంకం అలాగే నిలిచింది. ఓపెన్‌బీఎస్‌డీ దానికీ డిస్కు సెక్టారుకూ మధ్య మార్పిడి సూత్రాలు పెట్టుకుంది. ఈ పద్ధతిలో వేలాది చోట్ల కోడు ముట్టుకోనక్కర లేదు. కానీ ఒక్కచోట మార్పిడి మరిస్తే 4కేఎన్ డిస్కులో అడిగిన చోటికి ఎనిమిది రెట్ల దూరాన ఉన్న డేటా వస్తుంది. రాతలో ఆ తప్పు జరిగితే ఎవరి డేటా పోయిందో వెంటనే తెలియదు కూడా.

లినక్స్ స్కజీ డ్రైవరు 512, 1,024, 2,048, 4,096 బైట్ల సెక్టార్లు గుర్తిస్తుంది. 520 బైట్ల డిస్కు తగిలిస్తే కొలత చెల్లదని సందేశమిచ్చి, సామర్థ్యం సున్నా అని చూపిస్తుంది. పెద్ద స్టోరేజీ పెట్టెల్లోంచి తీసిన పాత సర్వర్ డిస్కులు సికింద్రాబాద్ సీటీసీ లాంటి బజార్లలో చౌకగా కొన్నవారు సున్నా చూసి డిస్కు చచ్చిందనుకోవచ్చు. చాలాసార్లు అది బతికే ఉంటుంది. 512 బైట్లకు మళ్ళీ ఫార్మాట్ చేస్తే పనిచేస్తుంది. సున్నా చూపించడం కూడా ఆలోచించి చేసిందే. డిస్కును పూర్తిగా నిరాకరిస్తే ఆ ఫార్మాట్ ఆదేశం పంపడానికీ వీలుండదు.

పైకి చెప్పే సెక్టారు, లోపలి సెక్టారు వేరు వేరని లినక్స్ అధికారికంగా ఒప్పుకున్నది 2009 సెప్టెంబరులో వచ్చిన 2.6.31తో. ఒరాకిల్‌లో పనిచేసే మార్టిన్ పీటర్సన్ చేర్చిన ఆ మార్పుతో రెండు కొలతలూ, జరుగుబాటూ, డిస్కుకు అనువైన రాత పరిమాణమూ సిస్‌ఎఫ్‌ఎస్ ద్వారా ఏ ప్రోగ్రాముకైనా కనిపిస్తాయి. మొదటి 4,096 డిస్కు అమ్మకానికి రావడానికి మూడు నెలల ముందే ఇది సిద్ధమైంది. ఈ రంగంలో అలా జరగడం అరుదు.

మధ్యలో ఉన్న క్యాష్‌ను దాటి నేరుగా డిస్కుతో మాట్లాడే డేటాబేస్ ప్రోగ్రాములది వేరే సంగతి. లినక్స్‌లో ఈ పని చేసే డైరెక్ట్ ఐఓ కోడును ఆండ్రూ మోర్టన్ 2002 జులైలో రాశారు. ఆ మూలం ఫైలు పైభాగంలోని చరిత్ర పట్టికలో 2002 అక్టోబరు 30 తేదీన ఒక మార్పు ఉంది: ఫైల్ సిస్టం బ్లాకు హద్దులకు సరిపోని రాతలను కూడా ఒప్పుకోవడం. అది చేర్చినవారు ఐబీఎం ఇంజనీరు బదరి పులవర్తి. ఫైల్ సిస్టం బ్లాకు 4,096 అయినా, డిస్కు సెక్టారు 512 అయితే 512 హద్దు దగ్గర మొదలుపెట్టి రాసే స్వేచ్ఛ దీనితో వచ్చింది. అసలు హద్దు డిస్కుదే గానీ ఫైల్ సిస్టంది కాదని తేల్చిన మార్పు ఇది. 4కేఎన్ డిస్కులొచ్చాక దీని రెండో ముఖం కనిపించింది. 512 బైట్ల రాతకు అలవాటు పడిన ప్రోగ్రాములు కొత్త డిస్కు మీద దోషసంకేతంతో ఆగిపోయాయి. తప్పు ఆ ప్రోగ్రాములదే. డిస్కును కొలత అడగకుండా 512 అని రాసుకున్నాయి.

పార్టిషన్ పట్టిక, బూట్

ఇప్పటి పార్టిషన్ పట్టిక జీపీటీ. దాని తల 1వ సెక్టారులో ఉంటుంది. 512 డిస్కులో అది 512వ బైటు దగ్గర, 4కేఎన్ డిస్కులో 4,096వ బైటు దగ్గర పడుతుంది. 128 పార్టిషన్లకు పట్టే 16,384 బైట్లు ఒకచోట 32 సెక్టార్లు, ఇంకోచోట 4 సెక్టార్లు. అందుకే ఒక రకం డిస్కు నకలును బైటుకు బైటు రెండో రకం మీదికి ఎక్కిస్తే పట్టికే కనిపించదు.

పాత ఎంబీఆర్ పట్టికలో సెక్టారు చిరునామాకు 32 బిట్లే. 512తో గుణిస్తే 2 టెరాబైట్లు దాటలేం. 4,096తో గుణిస్తే 16 దాకా పోవచ్చు. బయట తగిలించే కొన్ని పెద్ద యూఎస్‌బీ డిస్కుల తయారీదార్లు ఈ కిటుకే వాడారు. లోపలి డిస్కు 512ఇ అయినా, మధ్యలోని యూఎస్‌బీ చిప్పు కంప్యూటరుకు 4,096 అని చెబుతుంది. ఎక్స్‌పీ కూడా 3 టెరాబైట్లు చూడగలుగుతుంది. ఆ చిప్పు కాలిపోతే డిస్కును పెట్టెలోంచి తీసి నేరుగా సాటా తీగకు తగిలించడం రిపేరు షాపుల్లో మామూలే. అప్పుడు అదే డిస్కు 512 అని చెబుతుంది. పట్టికలోని ప్రతి అంకె విలువా ఎనిమిదో వంతుకు పడిపోతుంది, ఫార్మాట్ చేయాలా అని విండోస్ అడుగుతుంది. డేటా చెక్కుచెదరకుండా అక్కడే ఉంటుంది. ఆ ప్రశ్నకు అవునని నొక్కకపోవడమే చేయాల్సిన పని. అదే రకం పెట్టె ఇంకొకటి దొరికితే దాంట్లో పెట్టి చదవాలి. లినక్స్‌లోనైతే సెక్టారు 4,096 అని చెప్పి లూప్ డివైసుగా తగిలించుకోవచ్చు.

బూట్ దగ్గర రాజీ కుదరలేదు. పాత బయోస్, దాని బూట్ కోడు 512 మీదే కట్టినవి. 4కేఎన్ డిస్కు నుంచి విండోస్ మొదలు కావాలంటే యూఈఎఫ్ఐ తప్పనిసరి. యూఈఎఫ్ఐ వాడే ఫ్యాట్32 పార్టిషన్‌కు ఇంకో లెక్క ఉంది. ఫ్యాట్32కు కనీసం 65 వేల పైచిలుకు క్లస్టర్లుండాలి, క్లస్టరు ఒక సెక్టారుకంటే చిన్నది కాకూడదు. 4,096తో గుణిస్తే 256 మెగాబైట్లు దాటుతుంది. అందుకే మైక్రోసాఫ్ట్ 4కేఎన్ డిస్కుల్లో ఈ పార్టిషన్ కనీసం 260 మెగాబైట్లుండాలంటుంది.

ఫైల్ సిస్టంల సంగతికొస్తే, ఎక్స్‌ట్-4లో దాని మూల వివరాలుండే సూపర్‌బ్లాకు ఎప్పుడూ 1,024వ బైటు దగ్గర ఉంటుంది. 4కేఎన్‌లో అది మొదటి సెక్టారు నడుమ పడుతుంది కాబట్టి సెక్టారంతా చదివి ఆ భాగం తీసుకోవాలి. జెడ్‌ఎఫ్‌ఎస్ మరీ పట్టుదల మనిషి. సెక్టారు కొలతను యాషిఫ్ట్ అనే ఘాతంగా, 512కు 9, 4,096కు 12 అని, డిస్కును చేర్చే సమయంలోనే రాసుకుంటుంది; తర్వాత మార్చుకోదు. 512ఇ డిస్కు అబద్ధాన్ని నమ్మి 9 రాసుకున్న పూల్‌ను మళ్ళీ మొదటి నుంచి కట్టుకోవాల్సిందే. ఫ్రీబీఎస్‌డీ వాళ్లు దీన్ని తప్పించుకోవడానికి జీనాప్ అనే మధ్యవర్తి డివైసు పెట్టి, డిస్కు 4,096 అని జెడ్‌ఎఫ్‌ఎస్‌ను నమ్మించేవారు. డిస్కు ఆడిన అబద్ధానికి మరో అబద్ధంతో విరుగుడు.

విండోస్‌లో 512ఇ కి పూర్తి మద్దతు విండోస్ 7 మొదటి సర్వీస్ ప్యాక్‌తో, 4కేఎన్‌కు విండోస్ 8, సర్వర్ 2012లతో వచ్చింది.

పేజీని మించిన బ్లాకు

4,096 దాకా వచ్చిన మార్పులు కష్టమైనా సూటిగానే సాగాయి. 4,096 దాటడం వేరే జాతి సమస్య. లినక్స్ ఫైళ్లను మెమరీలో పేజీల వారీగా దాస్తుంది. ఇంటెల్ యంత్రాల్లో పేజీ 4,096 బైట్లు. బ్లాకు పేజీ కంటే చిన్నదైతే ఒక పేజీలో కొన్ని బ్లాకులు పడతాయి. బ్లాకు 16 కిలోబైట్లయితే నాలుగు పేజీలు కలిసి రావాలి, కలిసి పోవాలి, ఒక్కటీ విడిపోకూడదు. పాత పేజీ క్యాష్‌లో అలాంటి భరోసా ఇచ్చే వస్తువే లేదు. 64 కిలోబైట్ల పేజీలున్న పవర్ యంత్రం మీద 64 కిలోబైట్ల బ్లాకుతో చేసిన ఎక్స్‌ఎఫ్‌ఎస్ డిస్కును ఇంటెల్ యంత్రానికి తెస్తే మౌంట్ అయ్యేది కాదు.

2007లో క్రిస్టోఫ్ లామీటర్ పెద్ద బ్లాకుల కోసం మార్పులు పంపారు. మెమరీ ముక్కలు చెక్కలయ్యాక వరుసగా ఉన్న పేజీలు దొరకవనే అభ్యంతరంతో అవి కెర్నెల్లో చేరలేదు. అదే ఏడాది నిక్ పిగిన్ వేరే దారిలో చేసిన ప్రయత్నమూ చేరలేదు. పదిహేనేళ్ల తర్వాత దారి వేరే వైపు నుంచి తెరుచుకుంది. మాథ్యూ విల్‌కాక్స్ ‘ఫోలియో’ అనే కొత్త వస్తువును 2022 జనవరిలో వచ్చిన 5.16లో చేర్చారు. ఒకటి గానీ ఎన్నో గానీ వరుస పేజీలను ఒకే వస్తువుగా చూడటం దాని పని. అది ముఖ్యంగా వేగం కోసం వచ్చింది. కానీ ఈ ఫైలుకు ఇంతకంటే చిన్న ఫోలియో వద్దు అని క్యాష్‌కు చెప్పగలిగితే పెద్ద బ్లాకు సమస్య కూడా తీరుతుంది. లూయిస్ చాంబర్లేన్, పంకజ్ రాఘవ్, హానెస్ రైనెకె, డేవ్ చిన్నర్ తదితరులు ఆ దారినే నడిచారు. 2024 నవంబరు 17న విడుదలైన 6.12లో ఎక్స్‌ఎఫ్‌ఎస్‌కు 64 కిలోబైట్ల దాకా బ్లాకులు వచ్చాయి. 2025 మే నెలలో వచ్చిన 6.15తో డిస్కు సెక్టారు కూడా పేజీని మించి ఉండవచ్చు. అంతకు ముందు అలాంటి ఎన్‌వీఎంఈ డిస్కు తగిలిస్తే, 520 బైట్ల డిస్కులాగే, సామర్థ్యం సున్నా కనిపించేది.

ఇదంతా ఎవరికోసం? సెల్లుకు నాలుగు బిట్లు పట్టించే ఎస్‌ఎస్‌డీల కోసం. ఎస్‌ఎస్‌డీ తన డేటా ఎక్కడుందో చెప్పే పట్టికను మెమరీలో ఉంచుకోవాలి. ముక్క చిన్నదైతే పట్టిక పెద్దదవుతుంది. అందుకే సాలిడైమ్ డీ5-పీ5336 వంటివి 16 కిలోబైట్ల ముక్కలతో పనిచేస్తాయి. అంతకంటే చిన్న రాతలు పంపితే 512ఇ కథ మళ్ళీ మొదలవుతుంది. డేటాబేస్‌లకు ఇందులో ఇంకో ఆశ ఉంది. మైఎస్‌క్యూఎల్ ఇన్నోడీబీ పేజీ 16 కిలోబైట్లు. కరెంటు పోయి సగం రాత నిలిచిపోతుందనే భయంతో ప్రతి పేజీనీ రెండుసార్లు రాస్తుంది. డిస్కు 16 కిలోబైట్లను అయితే మొత్తం, లేకపోతే ఏమీ రాయనని మాటిస్తే ఆ రెండో రాత మానేయవచ్చు.

నిజం చెప్పే డిస్కులు అన్నిచోట్లా మేలే చేయలేదు. కొన్ని ఎన్‌వీఎంఈ డిస్కులు తమ లోపలి సెక్టారు 4,096 కంటే ఎక్కువని చెబుతాయి. విండోస్ 11 ఆ అంకెను ఉన్నదున్నట్టు పైకి చేరవేయడంతో, 512, 4,096 మాత్రమే ఎరిగిన ఎస్‌క్యూఎల్ సర్వర్ అలాంటి యంత్రాల్లో మొదలు కాకుండా మొరాయించింది. డిస్కు సెక్టారు 4,096 అని విండోస్ డ్రైవరే అబద్ధం చెప్పేలా రిజిస్ట్రీలో ఒక విలువ పెట్టుకోమని మైక్రోసాఫ్ట్ సూచించింది.

డిస్కు లేకుండా పరీక్ష

ఇలాంటి కోడు నేర్చుకోవడానికి 4కేఎన్ డిస్కు కొననక్కర లేదు. లినక్స్‌లో స్కజీ-డీబగ్ అనే మాడ్యూల్ మెమరీలోనే ఒక డిస్కును తయారుచేసి, అడిగిన సెక్టారు కొలత చూపిస్తుంది. క్యూఈఎంయూలో వర్చువల్ డిస్కుకు పైకి చెప్పే కొలత, లోపలి కొలత విడివిడిగా ఇవ్వవచ్చు. వనపర్తి రాజభవనంలో 1959 నుంచి నడుస్తున్న కె.డి.ఆర్. పాలిటెక్నిక్ విద్యార్థి మామూలు ల్యాప్‌టాప్‌లోనే ఈ పని చేసుకోగలడు. మొదట 512 డిస్కు మీద జీపీటీ పట్టిక, ఫైల్ సిస్టం పెట్టి, దాని నకలును 4,096 డిస్కు మీదికి ఎక్కించాలి, పట్టిక మాయమవుతుంది. తర్వాత 512ఇ గా అమర్చి పార్టిషన్‌ను 63వ సెక్టారు దగ్గర మొదలుపెట్టాలి. ఎల్ఎస్‌బీఎల్‌కే (lsblk) ఆదేశానికి -t గుర్తు కలిపి అడిగితే జరుగుబాటు అంకె సున్నా కాకుండా కనిపిస్తుంది. మూడోది, తాను రాసిన సీ ప్రోగ్రాముతో క్యాష్‌ను దాటి 512 బైట్లు రాయమని 4కేఎన్ డిస్కును అడగడం; కెర్నెల్ దాన్ని చెల్లని ఆర్గ్యుమెంట్ అని తిప్పి పంపుతుంది.